ఎల్లలు రాసినవాళ్ళు

బొగ్గుబాయిలో సర్వేయరు గుర్తులన్నీ తల మీద ఉంటాయి. ఎండలో భూమి కొలిచేవాళ్ళు రాయి నేలలో పాతుతారు. గనిలో నేల మీద టబ్బులు నడుస్తాయి, నీళ్ళు పారతాయి, షిఫ్టుకు వందల బూట్లు తొక్కుతాయి. అక్కడ పెట్టిన గుర్తు ఏదీ నిలవదు. అందుకని కప్పులో రంధ్రం చేసి, చెక్క మేకు దిగగొట్టి, దానికి చిన్న కొక్కెం బిగించి, పక్కన తెల్లరంగుతో నంబరు వేస్తాం. అదే మా స్టేషన్. ఆ కొక్కేనికి ప్లంబ్ బాబ్ వేలాడదీసి, సరిగ్గా దాని మొన కిందికి వచ్చేట్టు థియోడోలైటు నిలబెడతాం. వెనక స్టేషన్లో దారం పక్కన ఒక చైన్‌మన్ క్యాప్ ల్యాంపు పట్టుకుంటాడు, ముందు స్టేషన్లో ఇంకొకాయన. ఆ రెండు దారాల మధ్య కోణం చదవాలి, టేపు లాగి దూరం చదవాలి, రెండూ ఫీల్డ్ బుక్కులో ఎక్కాలి. గనిలోకి దిగే వాలుదారి, ఇంక్లైన్, మూతి దగ్గర పగటి వెలుగులో మొదలుపెట్టిన ఆ వరుస ఒక్కో కొక్కెం పట్టుకుని కిలోమీటర్లు లోపలికి పోతుంది. మధ్యలో ఒక్కచోట తెగితే దానికి అవతల మనం కొలిచినదంతా భూమిలో ఎక్కడుందో చెప్పలేం. కొలతలు ఉంటాయి, చోటు ఉండదు.

గోదావరిఖనిలో నా ఉద్యోగమంతా ఈ వరుసను తెగనివ్వకుండా చూడటమే. లెవెళ్ళు, డిప్పులు అనే దారులు, వాటి మధ్య వదిలిన బొగ్గు దిమ్మెలు, బొగ్గు తీసేశాక కప్పు కూలనిచ్చిన గోఫ్, నీళ్ళు నిలిచిన పాత పనులు, అన్నీ ప్లాను మీదికి రావాలి. నెల తిరిగేసరికి ఏ ముఖం ఎంత జరిగిందో కొలిచి, గీసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. బయటివాళ్ళకు ఇది కాగితాల పనిలా కనిపిస్తుంది. గనిలోకి దిగేవాళ్ళకు అట్లా కాదు. నీళ్ళు నిండి ఉండొచ్చనిపించే పాత పనులకు 60 మీటర్ల లోపలికి పోవాలంటే గనుల భద్రతా శాఖ అనుమతి తీసుకోవాలని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. ఆ 60 మీటర్లు ఎక్కడ మొదలవుతాయో చెప్పేది ఎవరు? ముప్పయ్యేళ్ళ కింద, నలభయ్యేళ్ళ కింద ఇంకో సర్వేయరు గీసిపోయిన గీత. ఆ మనిషి మనకు తెలియదు. బతికున్నాడో లేదో తెలియదు. కానీ ఈ రోజు డ్రిల్లు పట్టినవాడి ప్రాణం ఆయన చేతిరాత మీద నిలబడి ఉంటుంది. ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో 1975 డిసెంబరు 27న నీళ్ళు విరుచుకుపడి 375 మంది పోయారు. మా గోదావరిఖనిలోనే 7 ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16న నీళ్ళకు 17 మంది బలయ్యారు. ఆ తేదీలు నా వృత్తిలో ఉన్న ఎవరికీ ఒకరు గుర్తు చేయనక్కర్లేదు.

ఇంత చెప్పింది ఎందుకంటే, రాజమండ్రిలో ఒక చరిత్రకారుడి పేరుతో ఉన్న మ్యూజియం చూసినప్పుడు నేను చూసినది శిల్పాలను కాదు, నా పనినే.

మాతో పనిచేసిన ఒకాయన కూతురి పెళ్ళికని వెళ్ళాం, నేనూ, నాకు ఎక్కువకాలం చైన్‌మన్‌గా ఉన్న పెద్దాయనా. పెళ్ళి రాత్రికి. పగలంతా ఖాళీ. గోదావరి గట్టు వెంట నడుస్తుంటే శ్రీ రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం అన్న బోర్డు కనబడింది. మా ఊరి పక్కన పారిన నీళ్ళే మంథని దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని, భద్రాచలం, పాపికొండలు దాటి అక్కడికి వస్తాయి. చైన్‌మన్ నదిని చూసి "మన దగ్గరి గోదారి గిట్ల లేదు గద సారూ" అన్నాడు. నిజమే. అక్కడ అవతలి ఒడ్డు చూడాలంటే కళ్ళు చిట్లించాలి.

రాళ్ళబండి సుబ్బారావు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో చరిత్ర చెప్పిన మాస్టారు. తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు వేంగి సింహాసనం ఎక్కింది 1022లో. దానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన 1922లో ఆ ఊళ్ళో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. సుబ్బారావు దానికి ప్రాణం. ఆయనతో చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకటకృష్ణారావు వంటివాళ్ళున్నారు. వెంకటకృష్ణారావు వకీలు, వీరభద్రరావు అప్పటికే ఆంధ్రుల చరిత్రను సంపుటాలుగా రాస్తున్నవాడు. తవ్వకాల శాఖలో జీతం తీసుకునే ఉద్యోగులు కారు వీళ్ళు. కోర్టు పనీ పాఠాల పనీ అయ్యాక మిగిలిన పొద్దులో ఈ పని చేశారు. 1926 నుంచి మండలి ఒక పత్రిక నడిపింది. పొలం దున్నుతుంటే బయటపడ్డ రాగిరేకులు, ఇంటి పునాదిలో దొరికిన నాణేలు, గుడి వెనక పడి ఉన్న రాళ్ళు, వీటి మీద వ్యాసాలు దానిలో అచ్చయ్యాయి. అట్లా పోగైన వస్తువులే తర్వాత మ్యూజియానికి మొదలు. 1967లో అది ప్రభుత్వ మ్యూజియం అయింది, ఆయన పేరు పెట్టారు.

ఆ 1920ల గురించి ఒక మాట చెప్పాలి. మా సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది 1920 డిసెంబరులో. చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు 1923లో పోతే, ఆయన పేరు మీద హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి వెలిసి, ఆదిరాజు వీరభద్రరావు వంటివాళ్ళ శ్రమతో తెలంగాణ శాసనాలు అచ్చేసింది. అంటే ఆ రెండు మూడేళ్ళలోనే ఒకరు ఈ నేల కింద ఏముందో ప్లాన్లు గీయించే కంపెనీ పెట్టారు, ఇంకొకరు ఈ నేల మీద ఏముండేదో రాయడం మొదలుపెట్టారు. రెండో పనికి డబ్బులేదు, జీతాల్లేవు. అయినా ఆగలేదు. నాకు వాళ్ళ మీద ఉన్న గౌరవం ఇక్కడే పుట్టింది.

మ్యూజియంలో చైన్‌మన్ తామ్రశాసనాల దగ్గర ఆగిపోయాడు. "గీ రేకులకు కడెం ఎందుకు సారూ?" అని అడిగాడు. నాకు అప్పుడు సగమే తెలుసు. ఇంటికొచ్చాక దొరికిన పుస్తకాలు చదివి మిగతా సగం తెలుసుకుని ఆయనకు చెప్పాను.

తూర్పు చాళుక్యుల శాసనం అంటే ఒక రేకు కాదు, కొన్ని రేకుల కట్ట. చివర రంధ్రం చేసి కడియంలో గుచ్చుతారు. కడియం రెండు కొసలూ ముద్రలో కలిపి బిగిస్తారు. ఒక రేకు తీసేసి ఇంకొకటి పెట్టాలంటే కడియం కోయాల్సిందే. ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, శ్రీ త్రిభువనాంకుశ అన్న అక్షరాలు. మామూలుగా మొదటి రేకు పైవైపు, చివరి రేకు వెనకవైపు రాత ఉండదు, ఎందుకంటే అరిగేది ఆ రెండు ముఖాలే. లోపలి రాత ఒకదానికొకటి రాసుకోకుండా రేకుల అంచులు కొద్దిగా పైకి లేపుతారు. మా ప్లాన్లు ట్రేసింగ్ క్లాత్ మీద గీసి, ఏది చిరుగుతుందో, ఏ అంచు ముందు పాడవుతుందో చూసుకుని చుట్టి, రేకు గొట్టాల్లో దాచిన కాలం నాకు తెలుసు. చేతులు ఎక్కడ పడతాయో ముందే ఆలోచించి చేసిన పని అది. ఆ అంచులు చూసినప్పుడు, వాటిని మలిచినవాడు ఎంత జాగ్రత్త మనిషో నాకు అర్థమైంది.

అంతకంటే పెద్ద సంగతి లోపల రాసినదానిలో ఉంది. రాజుల వంశావళి, పొగడ్తలు సంస్కృతంలో సాగుతాయి. దానం ఇచ్చిన ఊరి హద్దుల దగ్గరికి వచ్చేసరికి చాలా శాసనాల్లో రాత తెలుగులోకి దిగుతుంది. తూర్పున ఏది ఎల్ల, ఆగ్నేయాన ఏది, దక్షిణాన ఏది, అట్లా ఎనిమిది దిక్కులూ తిరిగి మళ్ళీ మొదటికి వస్తారు. చింతచెట్టు, పుట్ట, చెరువు, పాతిన రాయి, మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసేచోటు. మేం ట్రావర్స్ అంటాం దాన్ని. ఒక స్టేషన్ నుంచి బయల్దేరి చుట్టూ తిరిగి మళ్ళీ అదే స్టేషన్‌కు వచ్చి కలవాలి, కలవకపోతే ఎక్కడో తప్పు ఉందన్నమాట. రాజు గుణాలు సంస్కృతంలో చెప్పినా ఎవరికీ నష్టం లేదు. హద్దు మాత్రం పొలం దున్నేవాడికి అర్థం కావాలి, గొడవ వచ్చినప్పుడు పది మంది నిలబడి చదివించుకుని అవునో కాదో చెప్పగలగాలి. విస్తీర్ణం చెప్పటానికి కొన్నిటిలో ఇన్ని పుట్ల విత్తనాలు పట్టే నేల అని రాశారు. ఆ లెక్కలో నేల సారం కూడా ఉంది, మా చదరపు మీటర్లలో అది లేదు.

ఆ హద్దులు రాసినవాళ్ళకు శాసనంలో పెద్దపేరు ఉండదు. కవి పేరు ఉంటుంది, చెక్కినవాడి పేరు ఉంటుంది. పుట్ట దగ్గర నిలబడి, చెట్టు దాకా నడిచి, ఇది ఎల్ల అని చెప్పినవాడి పేరు నేను చదివినవాటిలో కనిపించలేదు. వాడు నా వృత్తివాడు.

సుబ్బారావు వంటివాళ్ళు చేసిన పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది కూడా చోటుకు సంబంధించినదే. వాళ్ళు శాసనాలను రాజు పేరుతో కంటే దొరికిన ఊరి పేరుతో ఎక్కువ పిలిచారు. నందంపూడి శాసనం, కోరుమిల్లి శాసనం. అది మంచి పద్ధతి. ఏ రాజుదన్న విషయంలో పండితులు రేపు అభిప్రాయం మార్చుకోవచ్చు, ఏ ఊళ్ళో దొరికిందన్నది మారదు. దొరికిన చోటు రాయకుండా అద్దాల పెట్టెలో పెట్టిన రాయి అందంగా ఉండొచ్చు. కానీ అది సాక్ష్యం చెప్పదు.

దీనికి మా దగ్గరే గట్టి నిదర్శనం ఉంది. కోటిలింగాల. పెద్దవాగు గోదావరిలో కలిసే మూలన, రామగుండానికి ఎగువన ఉన్న ఊరు. వాన వెలిసాక అక్కడి ఒడ్డున మట్టి కోసుకుపోయి నాణేలు తేలేవి. పిల్లలు ఏరుకునేవాళ్ళు, కొన్ని కంసాలి కొలిమిలో కరిగిపోయేవి. తపాలా శాఖలో పనిచేసిన సంగనభట్ల నరహరి వాటిని ఓపిగ్గా పోగేసి, పండితుల దృష్టికి తెచ్చాడు. శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివాడు. శాతవాహన వంశానికి మొదటివాడని పురాణాలు చెప్పే సిముకుడి పేరు ఆ నాణేల మీద ఉంది. ఆయన కంటే ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే పేర్లూ దొరికాయి. ఇవే నాణేలు ఎక్కడిదో తెలియకుండా ఏ నగరంలోనో దుకాణంలో కనిపించి ఉంటే వాటి విలువ ఏమిటి? రాగి, సీసం. వాన తర్వాత ఆ ఒడ్డునే దొరికాయని ఒక మనిషి గట్టిగా చెప్పగలిగాడు కాబట్టి శాతవాహనుల తొలినాళ్ళ చర్చలోకి తెలంగాణ వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వ శాఖ తవ్వకాలు జరిపింది. ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నీళ్ళు ఆ ప్రాంతానికి వస్తాయి. నరహరి ఆ పని చేయకపోతే ఈ రోజు అడగటానికి ఒడ్డు కూడా లేదు.

మా పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట ఉంది, మట్టికోట, బౌద్ధ స్తూపం, పడగ విప్పిన నాగరాజు ముచలిందుడి శిల్పఫలకం. పెద్దబంకూరు ఉంది, ఇటుక గోడల ఇళ్ళు, బావులు, వేల కొద్దీ శాతవాహన నాణేలు. 1960ల చివరి నుంచి వి.వి. కృష్ణశాస్త్రి వంటి పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ పొర పొరా తవ్వి, ఏ వస్తువు ఏ లోతున ఉందో రాసుకున్నారు. ఆంధ్రులకు 30 కోట పట్టణాలున్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు, ఆ సమాచారం మెగస్తనీస్‌దని పండితులు అంటారు. వాటిలో ధూళికట్ట ఒకటి అయి ఉంటుందని మావాళ్ళు నమ్మకంగా చెబుతారు. ఆ నమ్మకం నాకూ ఇష్టమే, కానీ సర్వేయరుగా నాకు ఆ కోట కొలతలే ఎక్కువ ఇష్టం. ఠాకూర్ రాజారాం సింగ్ పేరు కూడా ఇక్కడ చెప్పాలి. కరీంనగర్ జిల్లా గుట్టల్లో, వాగుల్లో తిరిగి రాతియుగపు పనిముట్లు వెతికి చూపిన మనిషి. మా బొగ్గు ప్రాంతంలో ఆయన పేరు మీదో, నరహరి పేరు మీదో ఒక గదైనా లేదేమని రాజమండ్రి నుంచి వచ్చేటప్పుడు రైల్లో అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. స్టేడియాలు, క్లబ్బులు, పార్కులు ఉన్న ఊరికి అదొక భారం కాదు.

ఆ గదిలో ఏం పెట్టాలో నాకు తెలుసు. కప్పు కూలినప్పుడు షేల్ పలకల మీద ఆకుల అచ్చులు కనిపిస్తాయి. పొడుగ్గా, నాలుక ఆకారంలో, నడిమి ఈనె, దాని నుంచి వల అల్లినట్టు సన్న ఈనెలు. గ్లోసోప్టెరిస్ దాని పేరు. పాతిక కోట్ల ఏళ్ళ కిందటి మాట, మన బొగ్గు ఆ అడవులదే. కొత్తగా వచ్చిన కార్మికుడు దాన్ని చేప ముల్లు అంటాడు, ఆ పోలిక తప్పు పట్టాల్సింది కాదు. ఈ నేల నుంచి ఇంకా పెద్దవాళ్ళూ బయటికి వచ్చారు. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన రాక్షసబల్లి కోటసారస్ మా గోదావరి లోయదే. దాని శాస్త్రీయ నామంలో యామన్‌పల్లి అనే ఊరి పేరు ఉంది. పేరులోనే చిరునామా పెట్టిన ఆ భూగర్భ శాస్త్రవేత్తలది మా తోవే.

రాజమండ్రి నుంచి వచ్చాక నా ఫీల్డ్ బుక్కు కొద్దిగా మారింది. ఆకు అచ్చు కనిపిస్తే, ఏ బొగ్గు పొర (సీము), ఏ లెవెల్, ఏ స్టేషన్ నుంచి ఎన్ని మీటర్లు అని ఒక వరుస రాయడం అలవాటు చేసుకున్నాను. చైన్‌మన్ టేపు అందుకునేవాడు, చెప్పాల్సిన పనిలేదు. ఆ పలకను అక్కడి నుంచి తెచ్చినా తేకపోయినా రాత ఉంటుంది.

తర్వాత నన్ను ఓపెన్‌కాస్టు వైపు వేశారు. ఇంక్లైన్‌లో గని లోపల ఉంటుంది, పైన ఊరు ఊరులాగే ఉంటుంది. ఓపెన్‌కాస్టులో ఊరే లేచిపోతుంది. పైనున్న మట్టి, ఇసుకరాయి అంతా ఓబీ (ఓవర్‌బర్డెన్) కింద తవ్వి గుట్టలుగా పోస్తాం. వంద మీటర్లు దాటి దిగిపోయాక పై పొరలో ఏముండేదో చూడటానికి నేల లేదు. అందుకే ముందు చేసే ఉపరితల సర్వే ఒక్కటే మిగిలే రాత. ఇళ్ళు, బావులు, చెట్లు అన్నీ నష్టపరిహారం లెక్కకు ఎట్లాగూ ఎక్కుతాయి. లెక్కకు ఎక్కనివి కొన్ని ఉంటాయి: చేను గట్టున ఉన్న వీరగల్లు, రావిచెట్టు కింద నాగరాళ్ళు, దున్నినప్పుడు పెద్ద పెద్ద పాత ఇటుకలు తేలే దిబ్బ, ఊరి నడుమ పాతిన బొడ్రాయి.

ఒక ఊళ్ళో బొడ్రాయి దగ్గర టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం పెట్టినప్పుడు ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. కొత్త కాలనీకి బొడ్రాయిని తీసుకుపోయి మళ్ళీ ప్రతిష్ఠ చేస్తారని నాకు తెలుసు, పెద్దల తీర్మానం అయింది. ఆయన ఆ మాటే ఎత్తాడు.

"రాయిని తీస్కపోతం సారూ. గది నిలవడ్డ జాగను ఎట్ల తీస్కపోతం?"

చైన్‌మన్ నా కంటే ముందు జవాబిచ్చాడు. "జాగను మా సారు కాయితం మీద రాస్తుండు, తాతా. రేపు ఎవ్వలడిగినా గిదే జాగ అని చెప్పొచ్చు."

ఆ తర్వాత ముసలాయన మాతో పాటే పొలిమేర అంతా తిరిగాడు. తూర్పున ఎండిపోయిన వాగు, ఆగ్నేయాన రెండు తాళ్ళు, దక్షిణాన పక్క ఊరి చెరువు మత్తడి, అక్కడి నుంచి ఎర్రమట్టి గడ్డ, పడమర మైసమ్మ చెట్టు. ఎక్కడ ఏ పేరో ఆయన చెబుతుంటే ప్రతి చోటా ఒక పాయింటు తీసుకున్నాం. ఊళ్ళో ఎవరూ రాసి పెట్టుకోని పేర్లు అవి. చేన్ల పేర్లే ఒక పేజీ నిండాయి. మేం తిరిగి బొడ్రాయి దగ్గరికి వచ్చి కలిపితే తేడా అనుమతించినదానిలోనే ఉంది.

ఆ షీటు మామూలు సర్వే ప్లానుతో పాటు ఆఫీసులో జమ అయింది. పేర్లతో సహా ఇంకో ప్రతి తీసి, కొత్త కాలనీ స్కూలు హెడ్‌మాస్టరుకు ఇచ్చాం. అట్లాంటి కాపీ ప్రతి ఊరికీ ఉండాలి. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి, కుర్ర సర్వేయర్లు ఒక పూటలో ఊరంతా సెంటీమీటర్లలో ఎక్కిస్తారు, వాళ్ళ పని మాకంటే నిక్కచ్చిగా ఉంటుంది. నేను వాళ్ళను అడిగేది ఒక్కటే. డ్రోన్ ఎగరేసే రోజు ఊళ్ళో పెద్దమనిషి ఒకరిని వెంట పెట్టుకోండి, ఆయన చెప్పిన పేరు ప్రతి పాయింటు పక్కనా తెలుగులో రాయండి, బొడ్రాయి, వీరగల్లు, ఇటుకల దిబ్బ ఉన్న చోట్లు విడిగా ఒక పట్టిక వేయండి, ఆ పట్టికను ఓబీ తవ్వే యంత్రాలు దిగకముందే పురావస్తు శాఖకు పంపండి.